డోర్నకల్ కాపరి అజరయ్య

తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి అడుగుపెట్టిన వారి చూపు ఆర్ట్స్ కళాశాల భవనం మీద తప్పక నిలుస్తుంది. అజంతా, ఎల్లోరా గుహాలయాలను తలపించే స్తంభాలు, వాటితో పొత్తు కుదిరిన ముస్లిం వాస్తురీతి కమానులు ఆ భవనంలో కనిపిస్తాయి. అది 1939 డిసెంబరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం జనవరి 6వ తేదీన, అదే హైదరాబాదు సంస్థానంలో మరొక కట్టడానికి ప్రతిష్ఠ జరిగింది. అక్కడ కూడ దేవాలయ మంటపాల వంటి స్తంభాలు, మసీదుల వంటి గుమ్మటాలు, మినారులు ఉన్నాయి. కాని అది క్రైస్తవ ప్రార్థనామందిరం. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్. మొదటి కట్టడం వెనుక ఒక ప్రభువు సంపద ఉంది. రెండవ దాని వెనుక పేద పల్లె ప్రజల కానుకలు, వారిని నడిపించిన ఒక కాపరి పాతికేళ్ళ ఓపిక ఉన్నాయి. ఆ కాపరి పేరు వేదనాయకం సామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువాడు కాడు. ఆయన 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించాడు. ఆ కుటుంబం నాడార్ కులానికి చెందినది. ఆ రోజుల్లో అగ్రవర్ణాల వారు ఆ కులాన్ని చిన్నచూపు చూసేవారు. తండ్రి థామస్ వేదనాయకం గ్రామ సంఘానికి గురువు. తల్లి పేరు ఎల్లెన్. అజరయ్యకు పదిహేనేళ్ళు నిండే సమయానికి, 1889లో, తండ్రి మరణించాడు. తల్లి క్రమశిక్షణలో పెరిగిన ఆ బాలుడు చదువులో రాణించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించాడు. కాని పరీక్షల వేళ జబ్బుపడటంతో పట్టా చేతికి రాలేదు. పట్టా లేకుండా కళాశాల విడిచిన ఆ యువకునికే తరువాతి కాలంలో, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

1895లో అజరయ్య వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరి, దక్షిణభారతంలోని యువజనుల మధ్య పనిచేశాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. ఆనాటి స్త్రీలకు అరుదైన కళాశాల విద్యను ఆమె అభ్యసించింది. భర్త సేవాకార్యక్రమాలన్నింటిలో ఆమె సమాన భాగస్వామి అయింది.

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో, తమ మనుషులనే ఇతర ప్రాంతాలకు సేవకులుగా పంపడం చూశాడు. తన తిరునల్వేలి సంఘం వయస్సులో పెద్దదే, సంఖ్యలోనూ పెద్దదే. అయినా విదేశీయుల ధనం కోసం, వారి ఆజ్ఞ కోసం ఎదురుచూడటం దానికి అలవాటైపోయింది. ఈ తేడా ఆయన మనస్సును కలచివేసింది. ఆ మథనం ఫలితంగా 1903 ఫిబ్రవరిలో భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో ‘ఇండియన్ మిషనరీ సొసైటీ ఆఫ్ తిరునల్వేలి’ ఏర్పడింది. 1905 డిసెంబరులో శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఆవిర్భవించింది. ఈ రెండింటి స్థాపనలోను అజరయ్య ముఖ్యపాత్ర వహించాడు.

తిరునల్వేలి సంఘం తన సేవకు ఎంచుకున్న ప్రాంతం నైజాం రాజ్యంలోని డోర్నకల్. సికింద్రాబాదు నుండి కాజీపేట, వరంగల్, మహబూబాబాదుల మీదుగా విజయవాడ వెళ్ళే రైలు మార్గంలో అది ఒక కూడలి. సింగరేణి బొగ్గుగనుల వైపు వెళ్ళే దారి అక్కడ చీలుతుంది. చుట్టూ అడవులు, మెట్టపొలాలు, వెట్టిచాకిరీలో నలిగిన పల్లెలు. భాష తెలుగు. ఇతరులను అక్కడికి పంపి తాను పట్టణంలో ఉండటం అజరయ్యకు న్యాయంగా తోచలేదు. దేశవ్యాప్తమైన పేరు తెచ్చిన ఉద్యోగాన్ని విడిచి, 1909లో గురుత్వ దీక్ష పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరాడు. ముప్పై అయిదేళ్ళ వయస్సులో పసివాని వలె తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. తొలిరోజుల్లో గుడారమే ఆయనకు నివాసమైంది.

1910లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభకు వెళ్ళిన కొద్దిమంది ఆసియా ప్రతినిధులలో అజరయ్య ఒకడు. విదేశీ సేవకులకు, స్వదేశీ సేవకులకు మధ్య గల సంబంధం గూర్చి ఆయన మాట్లాడవలసి వచ్చింది. పొగడ్తలతో సభను మెప్పించి వచ్చే అవకాశం ఆయనకు ఉంది. ఆయన ఆ మార్గం ఎంచుకోలేదు. విదేశీ సేవకుల త్యాగాలను మనసారా కొనియాడాడు. ఆ వెంటనే, వారు భారతీయులకు ఎన్నో ఇచ్చారు గాని సమానులుగా చేర్చుకుని స్నేహాన్ని మాత్రం ఇవ్వలేదని నిర్మొహమాటంగా చెప్పాడు. తమకు కావలసింది దాతలు కాదు, మిత్రులు అని విన్నవించాడు. సభలో కలకలం రేగింది. కొందరు నొచ్చుకున్నారు. కొందరు ఆలోచనలో పడ్డారు. ఇచ్చేవాని చెయ్యి ఎప్పుడూ పైన, పుచ్చుకునేవాని చెయ్యి ఎప్పుడూ కింద ఉన్నంతకాలం ఇద్దరి మధ్య స్నేహం పుట్టదన్నది ఆనాటి ప్రసంగ సారాంశం. అజరయ్య తదనంతర జీవితమంతా ఈ ఒక్క సత్యానికి వ్యాఖ్యానమని చెప్పవచ్చు.

ఆంగ్లికన్ సంఘంలో ఒక అధ్యక్ష మండలానికి అధిపతిని బిషప్పు అంటారు. అప్పటివరకు భారతదేశంలో ఆ పదవి ఆంగ్లేయులదే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ చొరవతో డోర్నకల్ కొత్త మండలంగా ఏర్పడింది. దానికి అజరయ్య పేరు ప్రతిపాదనకు రాగానే అభ్యంతరాలు లేచాయి. తెల్లవారు నల్లవాని ఆజ్ఞకు లోబడతారా అని కొందరు విదేశీయులు శంకించారు. స్వదేశీయులలోను సందేహించినవారు లేకపోలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనకు అభిషేకం జరిగింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఎనిమిదేళ్ళు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. 1920 తరువాత కృష్ణా తీరం వరకు గల తెలుగు ప్రాంతాలు కూడ డోర్నకల్ మండలంలో చేరాయి. మొదట సంకోచించిన విదేశీ సేవకులే ఆయన నాయకత్వంలో పనిచేశారు. వాదించి గెలవటం కంటె పనిచేసి నమ్మకం సంపాదించటమే ఆయన పద్ధతి.

బిషప్పు పదవితో హోదా వచ్చింది గాని ఆయన దినచర్యలో ఆడంబరం చేరలేదు. ఎద్దుబండిమీద, సైకిలుమీద, దారిలేని చోట కాలినడకన ఊరూరా తిరిగేవాడు. ఆయన మండలంలోని క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన భూమిలేని కూలీలు. పగలంతా దొరల పొలాలలో శ్రమించినవారు ప్రార్థనకు కూడటానికి చీకటి పడేది. కనుక వారి తీరికే ఆయనకు వేళ. వారి ఆరాధనలో పాశ్చాత్య బాణీలకు బదులు తెలుగు కీర్తనలు వినిపించాలని, కోలాటం వంటి జానపద కళలకు చోటుండాలని ఆయన అభిలషించాడు. పల్లెజీవితాన్ని పీడించే భూతాలు నాలుగని ఆయన తరచు హెచ్చరించేవాడు. అపరిశుభ్రత, వ్యాధి, అప్పు, తాగుడు అనేవే ఆ భూతాలు. వాటిని పారదోలటానికి పాఠశాలలు, వైద్యశాలలు, సహకార సంఘాలు నెలకొన్నాయి. అన్బు మరియమ్మాళ్ స్త్రీలను తల్లుల సమాజంగా కూడగట్టి, శిశుపోషణ, పరిశుభ్రత, కుటుంబ ప్రార్థన వంటి విషయాలలో వారికి తోడ్పడింది.

పేదలపట్ల జాలి చూపిన నాయకులు చరిత్రలో చాలామంది ఉన్నారు. అజరయ్య ప్రత్యేకత వేరొకటి. ఆయన పేదలను దానం పుచ్చుకునేవారిగా మిగల్చలేదు, దాతలుగా తీర్చిదిద్దాడు. ప్రతి క్రైస్తవ గృహిణి వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరుగా దాచాలని, ఆదివారం ఆ బియ్యాన్ని సంఘానికి సమర్పించాలని నేర్పాడు. కోతల పండుగనాడు ధాన్యం, కోళ్ళు, గుడ్లు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి. రెండుపూటలా తిండికి వెదుకులాడే వారిని ఇంకా ఇమ్మని అడగటం న్యాయమా అనే ప్రశ్న ఎవరికైనా కలుగుతుంది. అది సమంజసమైన ప్రశ్నే. తన దగ్గర ఇవ్వటానికి ఏమీ లేదని నమ్మినవాడు తలెత్తి నిలబడలేడని ఆయన అభిప్రాయం. తరతరాలుగా యాచించటమే తెలిసిన చేయి పిడికెడు గింజలు ఇచ్చిన నాడు, ఆ ఇల్లాలు తన సంఘానికి యజమానురాలవుతుంది. ఎడింబరోలో తనకోసం కోరిన గౌరవాన్ని ఆయన డోర్నకల్ పల్లెలలో ఆమెకు అందించాడు.

గురువుల శిక్షణలోను ఇదే దృష్టి కనిపిస్తుంది. ఆంగ్లవిద్య లేదనే కారణంతో పల్లె ఉపాధ్యాయులను ఆయన తోసిపుచ్చలేదు. వారిని భార్యాబిడ్డలతో సహా డోర్నకల్ రప్పించి, తెలుగులోనే వేదాంతం బోధింపజేశాడు. వారి భార్యలు కూడ ఆ శిక్షణలో పాలుపంచుకున్నారు. మండలం ఏర్పడేనాటికి గురువులు వేళ్ళమీద లెక్కించదగినంత మంది మాత్రమే ఉండగా, 1935 నాటికి భారతీయ గురువులు సుమారు 250 మంది, గ్రామ ఉపాధ్యాయులు 2,000 మందికి పైగా అయ్యారు. 1941 నాటికి మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. సంఘంలో మాల, మాదిగ భేదాలు పాటించరాదని, అందరూ ఒకే పాత్రనుండి ప్రభు భోజనం స్వీకరించాలని ఆయన పట్టుబట్టాడు. శతాబ్దాల కులభేదం ఒక తరంలో మాసిపోలేదు. అయినా ఆయన ఆ పట్టు సడలించలేదు.

ఆయన అభిప్రాయాలతో అందరూ ఏకీభవించలేదు. 1930ల నాటి సామూహిక మతాంతరీకరణలను మహాత్మాగాంధీ తీవ్రంగా విమర్శించాడు. నిరుపేదలకు కూడ అంతరాత్మ ఉందని, తమ మార్గాన్ని తామే నిర్ణయించుకునే శక్తి వారికి ఉందని అజరయ్య వాదం. ఈ విషయంలో వారిద్దరి మధ్య భేదం తీరలేదు. కాని రాజకీయరంగంలో అజరయ్య స్వార్థం చూసుకోలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించటాన్ని ఆయన వ్యతిరేకించాడు. అది క్రైస్తవులను తోటి దేశీయులనుండి వేరుచేసి, సంఘాన్ని ఒక రాజకీయ వర్గంగా మారుస్తుందని భావించాడు. తనవారికి లాభమని తోచేదానిని కూడ కాదనగల ధైర్యం నాయకులలో అరుదు.

విదేశాలలో పుట్టిన సంఘభేదాలు భారతీయులను విడదీయటం ఆయనను బాధించింది. 1919లో తరంగంబాడిలో సమావేశమైన 33 మంది సంఘనాయకులలో 31 మంది భారతీయులు. ఐక్యసంఘం కోసం వారు చేసిన ప్రకటనకు అజరయ్య ప్రధాన ప్రేరకుడు. ఆ చర్చలు పాతికేళ్ళకు పైగా సాగాయి. ఫలితం చూసే అదృష్టం ఆయనకు కలగలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశాడు. తాను కట్టించిన మందిరపు ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. ఆయన కల ఆయన మరణానంతరం ఫలించింది.

ముప్పై రెండేళ్ళు బిషప్పుగా ఉండి, ఒక భారతీయుడు ఆంగ్లికన్ మండలాన్ని నడపగలడని అజరయ్య నిరూపించాడు. విచిత్రమేమంటే, ఆయన మరణించేవరకు మరొక భారతీయునికి అటువంటి మండలాధిపత్యం దక్కలేదు. పెద్దలు తలుపులు తెరవటంలో చూపిన జాప్యానికి అది నిదర్శనం. తన చేతిలోని తలుపులను మాత్రం ఆయన మూయలేదు. ఊరిచివరి గుడిసెలో పుట్టినవాడు గురువుగా నిలిచాడు, పిడికెడు బియ్యం దాచిన కూలితల్లి దాత్రిగా గౌరవం పొందింది.

ఆర్ట్స్ కళాశాల మెట్లమీద నిలిచిన విద్యార్థి ఆ స్తంభాలను, కమానులను చూసి భిన్న సంస్కృతుల మేలుకలయికను మెచ్చుకుంటాడు. డోర్నకల్ మందిరం దానికి మరొక మాట జోడిస్తుంది. రాళ్ళను కలపటం శిల్పికి సాధ్యమే. మనుషులను కలపాలంటే నాయకుడు ముందు తాను వారి పక్కన కూర్చోవాలి. అజరయ్య అలా కూర్చున్నాడు. అందుకే ఆయనను స్మరించేటప్పుడు బిషప్పు అనే బిరుదు కంటె కాపరి అనే తెలుగుమాటే ఎక్కువ తగినదిగా తోస్తుంది.