విశ్వేశ్వరయ్య గారి మూడో వంతు లెక్క

సెప్టెంబర్ 15 వస్తే మస్కట్‌లోని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తలపాగా పెట్టుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోలే. ఇంజనీర్లం ఎక్కువ కదా! కృష్ణరాజసాగర్, హైదరాబాద్ వరద, 1955లో వచ్చిన భారతరత్న... అందరూ ఇవే రాస్తారు. నాకు మాత్రం ఆయన పూణే దగ్గర చేసిన పనే గుర్తొస్తుంది. ఎందుకంటే మా అన్నయ్య పొలం కాలువ చివర ఉంది. పోయిన రబీలో పై ఊళ్లవాళ్లు వరి వేశారు, మా మొక్కజొన్నకు ఆఖరి రెండు తడులు అందలేదు.

ఆయన పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం. అక్కడి నుంచి మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్లికి వెళ్లారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చిన్న వయసులోనే తండ్రి పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో బీఏ చదివారు. పూణేలో ఇంజనీరింగ్ చేసి 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1900 ప్రాంతంలో ఆయన పూణే దగ్గర నీరా కాలువ చూశారు. నీళ్లు దగ్గరున్నవాళ్లు చెరకుకు ఎడాపెడా పెట్టేస్తున్నారు. పొలాలు ఊటెక్కి పాడవుతున్నాయి, దోమలు, మలేరియా. దూరపు ఊళ్లకు చుక్క లేదు. ఆయన కొత్త కాలువ తవ్వించలేదు. ఊరూరా పొలాలను బ్లాకులుగా కట్టారు. ఒక్కో బ్లాకులో మూడో వంతులోనే చెరకులాంటి ఎక్కువ నీళ్ల పంట, మిగతా భాగంలో ఆరుతడి పంటలు, జొన్నలాంటివి. ఏటేటా ఆ భాగాలు మారాలి. నీళ్లు వంతుల ప్రకారం, చెప్పిన తేదీకే వస్తాయి, చెప్పిన తేదీకే ఆగుతాయి.

రైతులు ఊరుకుంటారా? గట్టిగా ఎదురు తిరిగారు. ఆయన వాళ్లను పిలిచి, కూర్చోబెట్టి, లెక్కలు చూపించి ఒప్పించారు. ఆనకట్ట కట్టడం కంటే ఇదే కష్టమని నా అభిప్రాయం.

1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తానే తెరుచుకుని మూసుకునే గేట్లు పెట్టారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే సుమారు ఎనిమిది అడుగుల నీళ్లు అదనంగా నిలిచాయి. పేటెంట్ తీసుకున్నారు కానీ ప్రభుత్వం దగ్గర రాయల్టీ తీసుకోలేదు. 1906లో ఇక్కడికి పక్కనే ఉన్న ఏడెన్‌కు కూడా తాగునీరు, మురుగునీటి పథకం కోసం వచ్చారు. ఈ సంగతి చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. 1908 మూసీ వరద తర్వాత ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. తర్వాత మైసూరు దివాన్‌గిరీ. 1962లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు.

మొన్న ఆ మూడు భాగాల లెక్క కాగితం మీద గీసి అన్నయ్యకు పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. పద్ధతి బాగుందన్నాడు. పై ఊళ్లవాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ, ఈసారి నీటి సంఘం మీటింగ్‌లో కాగితం చూపిస్తానన్నాడు. ఆ తేదీకి తూము మూయించేది ఎవర్రా అని మాత్రం అడిగాడు.