అంధుల అడుగుకు తోడు నిలిపిన డొరొతీ యూస్టిస్

మొదటి ప్రపంచ యుద్ధం వేలాది సైనికుల చూపును హరించింది. తుపాకి గుళ్లకు, ఫిరంగి గుండ్ల శకలాలకు, విషవాయువులకు కళ్లు పోగొట్టుకొని ఇల్లు చేరిన యువకులు మరొకరి చేయి పట్టుకోనిదే గడప దాటలేని స్థితిలో పడ్డారు. అటువంటి వారికి దారి చూపేలా శునకాలను తీర్చిదిద్దే పాఠశాలను 1916లో డాక్టర్ గెర్‌హార్డ్ స్టాలింగ్ జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ప్రారంభించారు. ఆ విద్యను సముద్రాలు దాటించిన మహిళ డొరొతీ హారిసన్ యూస్టిస్.

ఆమె 1886 మే 30న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సంపన్న కుటుంబంలో జన్మించారు. తండ్రి చార్లెస్ హారిసన్ చక్కెర పరిశ్రమాధిపతి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించిన వ్యక్తి. మొదటి భర్త మరణానంతరం డొరొతీ జార్జ్ యూస్టిస్‌ను వివాహమాడి స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఫార్చునేట్ ఫీల్డ్స్ అనే తమ క్షేత్రంలో జర్మన్ షెపర్డ్ శునకాలను పెంచి, పోలీసు, సైనిక సేవలకు తగిన శిక్షణ ఇప్పించేవారు.

జర్మనీలోని పోట్స్‌డామ్‌లో అంధ సైనికులకు శునకాలను జతపరిచే పాఠశాలను చూసిన అనుభవం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. తడబడుతూ వచ్చిన మనిషి శునకం పట్టీ చేతికి అందగానే తల ఎత్తి నడవడం ఆమెను కదిలించింది. 1927 నవంబరులో ఒక అమెరికన్ వారపత్రికలో ఆమె ఈ విషయంపై వ్యాసం ప్రచురించారు. దానిని చదివించుకొని విన్న నాష్‌విల్ నగర యువకుడు మోరిస్ ఫ్రాంక్, తనకూ ఒక శునకం కావాలని, తిరిగివచ్చాక తనవంటి ఇతరులకూ సాయపడతానని లేఖ రాశారు.

అప్పటికి డొరొతీ సంస్థలో అంధుల కోసం ఒక్క శునకానికీ శిక్షణ ఇవ్వలేదు. ప్రధాన శిక్షకుడు జాక్ హంఫ్రీ జర్మన్ పద్ధతిని అధ్యయనం చేసి శునకాలను సిద్ధం చేశారు. 1928 వసంతంలో ఫ్రాంక్ స్విట్జర్లాండ్ చేరుకొని బడ్డీ అనే శునకంతో వారాల తరబడి సాధన చేశారు.

ఈ శిక్షణలోని కీలకాంశం తరచుగా అపార్థానికి గురవుతుంది. గమ్యమెక్కడో శునకానికి తెలియదు. ఎటు తిరగాలో నిర్ణయించి ఆజ్ఞాపించేది మనిషే. కాలిబాట అంచున ఆగడం, గుంతలను తప్పించడం, యజమాని తలకు తగిలే కొమ్మలను సైతం గమనించి పక్కకు నడిపించడం శునకం బాధ్యత. వాహనం దూసుకువస్తున్నప్పుడు ముందుకు సాగమన్న ఆజ్ఞను ధిక్కరించడం కూడా దానికి నేర్పుతారు. భుజాలకు కట్టిన పట్టీకి అమర్చిన గట్టి పిడి ద్వారా శునకం ప్రతి కదలికా యజమాని చేతికి తెలుస్తుంది.

1928 జూన్‌లో ఫ్రాంక్ న్యూయార్క్ చేరుకొని, పత్రికా విలేకరుల సమక్షంలో వాహనాలతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను బడ్డీతో దాటారు. విజయవార్తను ఒకే ఒక్క మాటగా డొరొతీకి తంతి ద్వారా పంపారు.

1929 జనవరి 29న నాష్‌విల్‌లో ది సీయింగ్ ఐ సంస్థ ఆవిర్భవించింది. అనంతరం అది న్యూజెర్సీ రాష్ట్రానికి తరలింది. డొరొతీ తమ సంపదను వెచ్చించి ఆ సంస్థను నిలబెట్టారు. అయితే శునకాన్ని దానంగా అందుకోవడం కంటే, స్వల్పమైనా కొంత రుసుము తానే చెల్లించడం అంధుని ఆత్మగౌరవానికి అవసరమని సంస్థ భావించింది. శునకాలను లోపలికి రానివ్వని రైళ్లు, హోటళ్లు, భోజనశాలల తలుపులు తెరిపించేందుకు ఫ్రాంక్ బడ్డీతో ఊరూరా తిరిగారు. బ్రిటన్‌లో 1931లో తొలి నాలుగు మార్గదర్శక శునకాలు అంధులకు అందడానికి కూడా డొరొతీ పంపిన శిక్షకుని తోడ్పాటు కారణమైంది.

రెండవ ప్రపంచ యుద్ధం మళ్లీ అంధ సైనికులను ఇళ్లకు పంపింది. ఈసారి వారికి స్వదేశంలోనే శునకాలు, శిక్షకులు సిద్ధంగా ఉన్నారు. మాజీ సైనికులకు మార్గదర్శక శునకాలను సమకూర్చే అధికారాన్ని 1944లో అమెరికా కాంగ్రెస్ ప్రభుత్వ సంస్థకు కల్పించింది.

డొరొతీ 1946 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆమె స్థాపించిన సంస్థ తొలిసారి శునకాన్ని తీసుకునే వారి నుంచి నేటికీ 150 డాలర్లే స్వీకరిస్తోంది. సైన్యంలో పనిచేసిన వారు చెల్లించవలసింది ఒక్క డాలరు.