కరువు నేలకు కాలువలు తెచ్చిన కాటన్ దొర
వరద, కరువు ఒక్క ఏటిలోనే ఉన్నాయని గుర్తించిన ఇంజనీరు

రావులపాలెం: శ్రావణ, భాద్రపద మాసాల్లో గోదావరి ఎర్రబడి వచ్చిందంటే ఇక్కడి వారికి నిద్ర ఉండదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులైతే రెండవది, 17.75 అడుగులైతే మూడవది. ఈ మూడు అంకెలు లంకల్లో పిల్లలకు కూడా కంఠోపాఠం. ఈ ధవళేశ్వరం పేరుతో విడదీయరాని మరో పేరు సర్ ఆర్థర్ కాటన్. సీమ నుండి వచ్చిన ఈ దొర విగ్రహం కోనసీమలో ఊరూరా ఎందుకున్నదో తెలియాలంటే ఆయన రాక ముందు ఈ నేల ఎలా ఉండేదో తెలుసుకోవాలి.

పద్దెనిమిదేళ్లకే మన దేశానికి

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదిమందికి పైగా సంతానం ఉన్న పెద్ద కుటుంబం వారిది. ఈస్టిండియా కంపెనీ వారి సైనిక పాఠశాలలో చదివి, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరాలు.

ఆయనకు అసలైన చదువు తంజావూరు జిల్లాలో దొరికింది. కావేరి నదిపై చోళరాజుల కాలం నాటి కల్లణై అనే ఆనకట్టను ఆయన నిశితంగా పరిశీలించారు. అడుగున రాతినేల లేకుండా, వట్టి ఇసుక మీద నిలిచిన కట్టడం అది. ఇసుకలో పునాది నిలపవచ్చునన్న కిటుకు మన పూర్వుల నుండే నేర్చుకున్నానని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. 1836లో కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టి తంజావూరు పొలాలను నిలబెట్టారు. తరువాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్లి, అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతను అరికట్టే పనులు చేశారు. అక్కడి నుండి గోదావరి ఒడ్డుకు చేరారు.

నీరుండీ ఆకలి చావులు

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి దయనీయం. 1832-33లో వచ్చిన నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. మిగిలినవారు ఊళ్లు విడిచి వలస పోయారు. 1839 నవంబరులో కోరంగి తీరాన ఉప్పెన విరుచుకుపడి ఊళ్లను, ఓడలను ఊడ్చిపెట్టింది. 1821లో 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పన్నుల రాబడి తగ్గిపోవడంతో కంపెనీ ప్రభుత్వానికి దిగులు పట్టుకుంది. కారణం కనుక్కోవడానికి హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపింది. నీటి పారుదల ఏర్పాట్లు చేస్తే తప్ప జిల్లా బాగుపడదని ఆయన నివేదించారు. ఆ పరిశీలనకే 1844లో కాటన్‌ను నియమించారు.

కాటన్ డెల్టా అంతా కలయదిరిగారు. ఆయన కనిపెట్టిన విషయం రైతుకు తెలిసినదే గాని, ప్రభుత్వానికి తెలియనిది. ఆషాఢ శ్రావణాల్లో వరద వచ్చి నాట్లను ముంచేది. తట్టుకొని బతికిన పైరు ఆశ్వయుజ కార్తీకాల్లో, గింజ పాలు పోసుకునే వేళకు తడి లేక ఎండిపోయేది. అంటే ఒకే ఏడాది ఒకే చేను ముందు నీటివల్ల, తరువాత నీరు లేకపోవడంవల్ల పోయేది. అదే సమయంలో గోదావరి జలం పక్కనుండే సముద్రంలో కలిసిపోయేది.

దీనికి ఆయన చెప్పిన మందు ఒక్కటి కాదు. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట, నీరు పారడానికి కాలువలు, వరద నుండి కాపాడడానికి ఏటిగట్లు, చేలలో నిలిచిన నీరు పోవడానికి మురుగు కాలువలు, సరుకు పోవడానికి పడవల దారులు, రోడ్లు, వంతెనలు. ఇవన్నీ కలిసి ఉంటేనే డెల్టా బతుకుతుందని ఆయన పథకం సారాంశం.

అయిదేళ్ల యజ్ఞం

ఎంతో ఉత్తర ప్రత్యుత్తరాల మీదట అనుమతి లభించి 1847లో పని ఆరంభమైంది. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లను, పనివారిని ప్రభుత్వం ఇవ్వలేదు. ఇచ్చిన కొద్దిమందికీ తానే పని నేర్పుకోవలసి వచ్చింది. ధవళేశ్వరం కొండ రాయి దగ్గరలోనే ఉండడం కలిసి వచ్చింది. కొండ నుండి ఏటి ఒడ్డు వరకు పట్టాలు వేసి బండ్ల మీద రాయి తరలించారు. వేలాది కూలీలు ఎండనక, వాననక పనిచేశారు. కూలీలను సమకూర్చి, పని నడిపించడంలో వీణం వీరన్న అనే తెలుగువాడు కాటన్‌కు కుడిభుజంగా నిలిచి రాయ్ బహదూర్ బిరుదు పొందారు. ఆనకట్ట పేరెత్తినప్పుడు ఆయన పేరు కూడా తలవడం ధర్మం.

ఏటి మధ్యనున్న లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్ట వేశారు. ఇసుకలో బావులు దింపి, వాటిపై రాతికట్టు లేపారు. నాలుగూ కలిపి దాదాపు 12 వేల అడుగుల పొడవు, ఏటి అడుగు నుండి 12 అడుగుల ఎత్తు. నడుమ 1848లో కాటన్ జబ్బుపడి సెలవుపై వెళ్లగా కెప్టెన్ ఆర్ పని సాగించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

మధ్య డెల్టాకు జీవనాడి

గౌతమికి, వశిష్ఠకు మధ్యనున్న మన మధ్య డెల్టాకు బొబ్బర్లంక వద్ద నీరు వదిలారు. లొల్ల లాకుల నుండి కాలువలు చీలి కోనసీమ నలుమూలలా పారాయి. వైనతేయ అవతలనున్న నగరం లంకకు నీరివ్వడానికి హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం వద్ద ఏటి మీద 49 ఖానాల అక్విడక్టును కట్టారు. 2000 సంవత్సరంలో దాని స్థానే నిర్మించిన కొత్త అక్విడక్టు అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకొంది.

వలస పోయిన డెల్టాకే ఇతర ప్రాంతాలవారు పనికోసం రాసాగారు. సార్వా నిలకడగా పండింది. కొంతకాలానికి దాళ్వా కూడా వచ్చింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట కూడా కాటన్ మార్గదర్శకత్వంలోనే కెప్టెన్ ఆర్ చేతుల మీదుగా 1855లో పూర్తయింది.

సీమలో ఎదురుదెబ్బలు

1861లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. అయినా ఆయన మాట అందరికీ రుచించలేదు. మన దేశానికి రైళ్లకన్నా కాలువలే ముఖ్యమని, సాగునీటి కోసం ఖర్చు పెడితే కరువులే రావని ఆయన పోరాడారు. 1876-78 కరువులో దక్షిణ దేశంలో లక్షలాది మంది మరణించగా, ఆయన మరింత పట్టుదలతో వాదించారు. 1878లో పార్లమెంటు సంఘం ఆయనను పిలిచి ప్రశ్నల వర్షం కురిపించింది. చివరకు ఆయన ప్రతిపాదనలకు అనుకూలంగా తీర్పు రాలేదు. ముసలితనంలో డార్కింగ్ అనే ఊళ్లో ఉంటూ, నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేసుకున్నారు. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. గోదావరి స్నానమాడే వేళ ఆయన పేరు తలుచుకొనే పెద్దలు డెల్టాలో ఉండేవారని ప్రతీతి.

కట్ట ఆపేది కరువును, వరదను కాదు

చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. కాటన్ కట్టిన ఆనకట్ట వరదను ఆపేది కాదు. వరద దాని మీదుగా పొర్లి పోయేది. దాని స్థానంలో 1982లో జాతికి అంకితమైన, ఆయన పేరు పెట్టుకున్న బ్యారేజికి 175 గేట్లున్నా, వరద వేళ వాటిని ఎత్తివేయక తప్పదు. ఊళ్లను కాపాడేది ఏటిగట్లే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినపుడు గట్లు అనేక చోట్ల తెగి ఊళ్లు మునిగిపోయాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటినపుడు జనం రేయింబవళ్లు గట్ల మీద కాపలా కాశారు. గట్టు లోపలి లంక గ్రామాలకు, అరటి తోటలకు ఆ రక్షణ కూడా లేదు. అక్కడివారికి పడవే దిక్కు.

గోదావరి తగ్గిన తరువాత శీతకాలంలో మరో గండం ఉన్నది. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి నేలకూలింది. కోతకు వచ్చిన సార్వా తుపాను వానకు మునిగితే, నీరు పోయే మురుగు కాలువే గతి. కాలువ పూడిపోతే వారం రోజులు నిలిచిన నీటిలో వెన్ను మొలకెత్తుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచినపుడు, గిట్టుబాటు ధరతోపాటు ఈ ముంపు బాధను కూడా ఏకరువు పెట్టారు.

నూట ఎనభై ఏళ్ల క్రితం కాటన్ వేసిన పథకంలో కాలువ, గట్టు, మురుగు కాలువ మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. వాటిలో మొదటిది మనకు అన్నం పెడుతున్నది. మిగిలిన రెండూ ఆ అన్నాన్ని కాపాడేవి. గట్టు మట్టి తవ్వుకుపోతే, మురుగు కాలువను ఆక్రమిస్తే ఆయన పథకంలో రెండు భాగాలు కూలినట్లే. ఏటా మే 15న విగ్రహానికి దండ వేసే చేతులు వరదకు ముందే గట్టు మీది బొరియలను కూడా చూసుకుంటే, ఆ దొర రుణం కొంతైనా తీరుతుంది.