పన్ను నిలబెట్టే విద్యకు ఆద్యుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

కలకత్తా నగరంలో 1920లో ఒక దంత వైద్య కళాశాల వెలసింది. భారతదేశంలో అటువంటి కళాశాల అదే మొదటిది. స్థాపకుడు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. దాని ఖర్చులకు ఆధారం న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఐస్‌క్రీం దుకాణం నుంచి వచ్చిన ఆదాయం. తీపి అమ్మిన సొమ్ము పిప్పిపళ్ళ వైద్యం నేర్పడానికి ఖర్చయిందన్నమాట. చరిత్రలో ఇటువంటి చమత్కారాలు అరుదు.

అహ్మద్ 1890 డిసెంబర్ 24న తూర్పు బెంగాల్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, జన్మించారు. అలీగఢ్‌లో విద్య ముగించి అమెరికా వెళ్ళి, 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి దంత వైద్య పట్టా అందుకున్నారు. పళ్ళు పూడ్చే విద్యను శాస్త్రంగా తీర్చిదిద్దిన అమెరికా వైద్యుడు గ్రీన్ వర్డిమన్ బ్లాక్ కన్నుమూసింది ఆ ఏడాదే. అనంతరం అహ్మద్ బోస్టన్‌లోని ఫోర్సైత్ వైద్యశాలలో 1918 వరకు పనిచేశారు. అది పేద పిల్లల దంతాల కోసం నెలకొల్పిన సంస్థ. నొప్పి పుట్టకముందే పన్నును పరీక్షించడం అక్కడి నిత్యకృత్యం.

1919లో ఆయన తిరిగివచ్చిన దేశంలో పరిస్థితి వేరు. పన్ను పుచ్చితే లవంగం నొక్కిపెట్టడం, పురుగు తొలిచిందని నమ్మి దాన్ని తీసేవారి కోసం వెతకడం, బాధ భరించలేని నాడు పన్ను పీకించుకోవడం సామాన్యుల అనుభవం. పురుగు కథ నిజం కాదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పన్నులోని ఖనిజాన్ని కరిగిస్తుంది. పైనున్న పింగాణి పొరకు నాడులు లేవు కనుక తొలిదశలో రోగికి ఏమీ తెలియదు. నొప్పి తెలిసేనాటికి పుచ్చు లోపలి పొరను దాటి నాడిని సమీపించి ఉంటుంది. నొప్పినే నమ్ముకుని వైద్యుడి గడప తొక్కిన రోగికి ఆనాడు చాలాసార్లు పటకారే గతి.

అందుకే పన్నును పూడ్చే విద్యలో మొదటి పాఠం చూడటం. పంటిని తుడిచి, గాలితో ఆరబెట్టి, మంచి వెలుతురులో చిన్న అద్దంతో పరీక్షించాలి. తడిగా ఉన్నప్పుడు కనిపించని సుద్దరంగు మచ్చ ఆరిన పంటిపై బయటపడుతుంది. దవడ పళ్ళ గాడులు, పంటికీ పంటికీ నడుమ సందులు, చిగురు అంచు పుచ్చుకు ఇష్టమైన చోట్లు.

తరువాతిది చెక్కడం. ఆనాడు కాలితో తొక్కే యంత్రంతోను, చిన్న ఉలులతోను చేసేవారు. మెత్తబడిన భాగాన్ని తీసివేయాలి, నాడిని తాకకూడదు. వెండి, తగరం పొడిని పాదరసంతో నూరి చేసే ముద్ద పంటికి తానుగా అతుక్కోదు. కాబట్టి గుంట మూతి కాస్త ఇరుకుగా, అడుగు వెడల్పుగా, చదునుగా ఉండాలి. లేకుంటే నమిలే బరువుకు ముద్ద ఊగి ఊడిపోతుంది. కింద ఆధారం లేని పింగాణి అంచును వదిలేస్తే అది విరిగి, ఆ సందులో మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. మళ్ళీ పుచ్చకుండా పక్క గాడులను కూడా కలిపి చెక్కాలని బ్లాక్ బోధించారు. పంటికి అంటుకునే నేటి పదార్థాలతో అంత చెక్కవలసిన పని లేదు గానీ, ఆ కాలానికి అదే వివేకం.

ఈ విద్యపై విద్యార్థుల కోసం అహ్మద్ 1928లో ఒక చేతిపుస్తకం ప్రచురించారు. అంతకుముందే, 1925లో, దంత వైద్య పత్రికను ప్రారంభించారు. ఆయన కళాశాలలో చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో దంత వైద్యశాల తెరిచారు. ఒక స్త్రీ ఆ వృత్తి చేపట్టడం ఆనాటికి చిన్న విషయం కాదు.

చదివినవారికీ చదవనివారికీ తేడా చట్టం గుర్తిస్తే తప్ప ఈ వృత్తి నిలవదని అహ్మద్ గ్రహించారు. 1939లో బెంగాల్‌లోను, 1948లో దేశమంతటికీ దంత వైద్యుల చట్టాలు వచ్చాయి. రెండింటి వెనుకా ఆయన కృషి ఉంది. 1949లో కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. మరుసటి ఏడాది బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో చేరి, వ్యవసాయం తదితర శాఖలు చూశారు.

1964లో పద్మభూషణ్ వరించింది. 1965లో ఆయన మరణించారు. కళాశాల నేడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన పుట్టిన డిసెంబర్ 24ను భారత దంత వైద్యులు తమ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.