జనరల్ గారి ఎలుకలు, మన అన్నం

సూరత్‌లోని గోడాదరాలో మా చుట్టుపక్కల తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ లంగరు చపాతీలు తిన్న నేను, రిటైరయ్యాక తెల్లటి సన్నబియ్యానికి మళ్లాను. షుగరు బయటపడ్డాక గుర్తొచ్చిన మనిషి సర్ రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన కథ మన ఫౌజీలందరికీ తెలియాలి.

ఐర్లండులో 1878లో పుట్టారు. డాక్టరీ పాసై 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసు తరఫున మనదేశం వచ్చారు. గిల్గిత్‌లో గొంతు వాపు జబ్బు ఎందుకొస్తుందో తేల్చడానికి, అక్కడి నీటి మడ్డిని తానే తాగి చూసిన సాహసి.

1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ జబ్బు అప్పట్లో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఎక్కువ. అరవ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు, మనవాళ్లు మరపట్టిన పచ్చిబియ్యం తినేవారు. వడ్లు ఉడికిస్తే బి1 విటమిను గింజలోకి దిగుతుంది. పచ్చివడ్లు మరపడితే తవుడుతో పోతుంది. కడుగు నీళ్లతో, వార్చిన గంజితో మరికొంత పోతుంది.

పొదుపు పేరుతో 1923లో సర్కారు ఆ పని ఆపేసింది. 1925లో మళ్లీ మొదలైంది. ఆయన ఎలుకలను గుంపులు చేసి సిక్కు, పఠాను, మరాఠా, బెంగాలీ, మద్రాసీ భోజనాలు పెట్టారు. ముడిగోధుమ చపాతీ, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న సిక్కు గుంపు అన్నిటికంటే బాగా ఎదిగింది. మద్రాసీ గుంపు అట్టడుగున నిలిచింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమలు కూడా ఉన్నాయని మరువరాదు. తెల్ల బ్రెడ్డు, డబ్బా మాంసం, జాము, తీపి టీతో పెంచిన ఇంగ్లీషు పేదల గుంపైతే ఒకదాన్నొకటి చంపుకుంది.

ఇందులో అన్నాన్ని తప్పుపట్టేదేం లేదు. తవుడంతా తీసేసి, పప్పూ ఆకుకూరా మజ్జిగా తగ్గించి, కంచం నిండా అన్నమే పెట్టుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు.

1933లో సర్ బిరుదు పొంది, 1935లో మేజర్ జనరల్‌గా రిటైరయ్యారు. 1960లో, 82 ఏళ్లు నిండాక కన్నుమూశారు. ఆయన కూనూరు లాబొరేటరీయే 1958లో హైదరాబాదుకు మారింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఎలుకకు పనికొచ్చిందంతా మనిషికి పనికొస్తుందని నేననను. మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే తిండి మార్చుకోవాలి. నేను మాత్రం అన్నం తగ్గించి జొన్నలు, సజ్జలు కొంటున్నాను. మా వీధిలో పెద్దవాళ్లకు జొన్నరొట్టె కొత్తేం కాదు, చిన్నప్పుడు ఊళ్లో తిన్నదే. పట్నం వచ్చి మరిచిపోయాం, అంతే.