గుంపు నాయకుడే కాపు కాసిన రాత్రి

మన ఊళ్లోనో, వీధిలోనో, ఒక్కోసారి మన సంఘంలోనో గొడవ రేగితే మనకు తోచేవి రెండే దారులు: తలుపులు వేసుకోవడం, లేదా కర్ర పట్టుకోవడం. మూడో దారి కూడా ఉందని జాన్ వెస్లీ జీవితం చెబుతుంది.

వెస్లీ 1703లో ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్‌లో ఒక పాదిరి ఇంట పుట్టాడు. ఆయన ఐదేళ్ల బాలుడిగా ఉన్నప్పుడు, 1709లో ఆ ఇల్లు తగలబడింది. తన తండ్రి అంటే గిట్టని ఊరివారే నిప్పు పెట్టారన్నది వెస్లీ నమ్మకం. అయితే ఒకరి భుజాలపై ఒకరు నిలబడి, కిటికీలోంచి ఆ పసివాణ్ణి దించిందీ ఆ ఊరివారే!

1738 మే 24న లండన్‌లో రక్షణ నిశ్చయత పొందిన వెస్లీ, మరుసటి ఏడాది నుంచి ఆరుబయట గని కార్మికులకు, పేదలకు సువార్త ప్రకటించసాగాడు. చాలాచోట్ల అల్లరిమూకలు ఆయన మీదికొచ్చాయి. గుంపుకు వెన్ను చూపకుండా ముఖాముఖిగా నిలబడడమే ఆయన నియమం.

1743లో వెడ్నస్‌బరీ పట్టణంలో మెథడిస్టు విశ్వాసుల ఇళ్లను అల్లరిమూకలు ధ్వంసం చేశాయి. అక్టోబరు 20న వెస్లీ అక్కడికే వెళ్లాడు. సాయంత్రం గుంపు ఆయన ఉన్న ఇంటిని చుట్టుముట్టింది. ఆయన గుంపు నాయకుణ్ణి లోపలికి పిలిపించాడు. నాలుగు మాటలతోనే అతను చల్లబడ్డాడు. బాగా కోపంగా ఉన్న మరి కొందరినీ పిలిపిస్తే వాళ్లూ శాంతించారు. అప్పుడాయన బయటికొచ్చి, కుర్చీ ఎక్కి, తనతో ఏం పనని గుంపునే అడిగాడు. న్యాయాధికారి దగ్గరికి రమ్మంటే సరేనన్నాడు. తీరా అక్కడ వాళ్లు చేసిన ఫిర్యాదు ఏమిటి? ఈ విశ్వాసులు రోజంతా కీర్తనలు పాడుతున్నారట, తెల్లవారుజామున ఐదింటికే జనాన్ని లేపుతున్నారట!

అక్కడ విచారణ జరగలేదు. మరో న్యాయాధికారి కోసం వాల్సాల్‌కు వెళ్లి తిరిగి వస్తుండగా ఆ ఊరి గుంపు విరుచుకుపడింది. ఆయనను పట్టుకొచ్చినవాళ్లే కాపాడబోయి దెబ్బలు తిన్నారు. నోటిమీద దెబ్బపడి రక్తం కారినా వెస్లీ తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. బిగ్గరగా ప్రార్థించాడు. అంతే! అప్పటిదాకా గుంపును నడిపించిన మనిషి, పందేలకు ముష్టియుద్ధాలు చేసే జార్జ్ క్లిఫ్టన్, ఆయనకు అడ్డుగా నిలిచి క్షేమంగా బయటికి తీసుకెళ్లాడు. కొద్దిరోజులకే వెస్లీ తమ్ముడు చార్లెస్ ఆ క్లిఫ్టన్‌ను పరీక్షార్థం సంఘంలో చేర్చుకున్నాడు. వెస్లీ 1791 మార్చి 2న, తన 87వ ఏట ప్రభువులో నిద్రించాడు.

గుంపుకు కోపమే గాని చెవులుండవు. అదే గుంపులోని ఒక్కణ్ణి పక్కకు పిలిచి కూర్చోబెడితే అతనిలో మనలాంటి మనిషే కనిపిస్తాడు. ప్రాణాపాయమున్నప్పుడు పోలీసులను ఆశ్రయించడం అవిశ్వాసం కాదు. వెస్లీ కూడా న్యాయాధికారి దగ్గరికి వెళ్లడానికి వెనుకాడలేదు. కానీ చట్టం గొడవను ఆపగలదే గాని, శత్రువును సహోదరుణ్ణి చేయలేదు. ఆ పని క్రీస్తు ప్రేమది. సమాధానపరచేవారిని ప్రభువు ధన్యులన్నాడు (మత్తయి 5:9). మనతో మాటల్లేని ఆ పొరుగింటివాణ్ణి ఈ వారమే పలకరిద్దామా?