గురువు కొలతనే మళ్లీ కొలిచాడు.. ఎవరెస్ట్ పేరు వెనుక హైదరాబాద్ కథ తెలుసా?

మద్దిలపాలెం జంక్షన్‌లో నిలబడి ఫోన్‌లో లొకేషన్ షేర్ చేస్తే క్షణంలో వెళ్లిపోతుంది. రెండు వందల ఏళ్ల క్రితం ఇలాంటి ఒక్క పాయింట్ మ్యాప్‌లో సరిగ్గా పెట్టాలంటే గొలుసు, థియోడొలైట్, నెలల తరబడి అడవుల్లో తిరుగుడు! ఆ పనికే జీవితం ధారపోసిన మనిషి జార్జ్ ఎవరెస్ట్. శిఖరం పేరు అందరికీ తెలుసు. మనిషి కథే చాలామందికి తెలియదు.

హైదరాబాద్‌లో మొదలు..

1790 జూలై 4న పుట్టిన ఎవరెస్ట్, 1818లో హైదరాబాద్‌ వచ్చి విలియం లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణమితి సర్వేకి లాంబ్టనే పెద్ద. కుర్రాడికి అప్పగించిన తొలి పని కృష్ణా, గోదావరి మధ్య సర్వే. 1819లో వానలకు అడవి జ్వరం పట్టుకుంది. బృందంలో చాలామంది మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు. కోలుకోవడానికి ఎవరెస్ట్ దక్షిణాఫ్రికా వెళ్లాల్సి వచ్చింది. ఆ జ్వరం దెబ్బ ఆయన్ని ఏళ్ల తరబడి వెంటాడింది.

గురువు కొలత తప్పా?

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. బాధ్యత ఎవరెస్ట్ మీద పడింది. అసలు గొడవ ఇక్కడే! సర్వే అంతా ఒక బేస్‌లైన్ మీద ఆధారపడుతుంది. నేల మీద ఒక్క గీతను జాగ్రత్తగా కొలిచి, మిగతా దూరాలన్నీ కోణాలతో లెక్కగడతారు. ఆ గీతలో తప్పుంటే అది వందల మైళ్లు పాకుతుంది. లాంబ్టన్ వాడింది ఉక్కు గొలుసు. ఎండకు సాగుతుంది, వాడేకొద్దీ అరుగుతుంది. ఆయన పెద్ద థియోడొలైట్ 1808లో తంజావూరు గుడి గోపురం మీదకి ఎక్కిస్తుంటే తాడు తెగి దెబ్బతింది. ఆయనే దాన్ని బాగు చేసుకుని వాడారు.

గురువంటే గౌరవమే. అయినా కొలతను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. 1830లో ఇంగ్లండ్ నుంచి ఇనుము, ఇత్తడి జతచేసిన కొత్త కడ్డీలతో తిరిగొచ్చాడు. రెండు లోహాలు వేర్వేరుగా సాగినా కొలత మాత్రం మారదు. తాను గొలుసుతో కొలిచిన సిరోంజ్ బేస్‌లైన్‌నే మళ్లీ కొలిచాడు. గురువు 1815లో కొలిచిన బీదర్ దగ్గరా 1841లో మళ్లీ కొలిపించాడు.

ఫలితం? డెహ్రాడూన్ దగ్గర ఏడు మైళ్లకు పైగా ఉన్న గీతలో.. నేల మీద కొలతకు, సిరోంజ్ నుంచి వేసిన లెక్కకు తేడా 7.2 అంగుళాలే!

ఈ ఘనత ఒక్కడిది కాదు. రాధానాథ్ సిక్దర్ లెక్కలు, ఆర్కాట్‌కు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ పరికరాల పనితనం, పేర్లు కూడా మిగలని ఖలాసీల కష్టం అందులో ఉన్నాయి.

పిరమిడ్ దగ్గరా ఇదే పంచాయితీ

1865లో పియాజీ స్మిత్ గిజా పిరమిడ్ కొలిచి, అడుగు భుజంలో ఏడాది రోజుల లెక్క దాగుందన్నాడు. ఆ సిద్ధాంతానికి భుజం దాదాపు 9,140 అంగుళాలుండాలి. 1880లో ఫ్లిండర్స్ పెట్రీ థియోడొలైట్ పట్టుకెళ్లి త్రికోణాల పద్ధతిలోనే కొలిస్తే వచ్చింది సుమారు 9,069. ఆరడుగుల తేడాతో సిద్ధాంతం కూలిపోయింది. నమ్మకంతో వెళ్లిన పెట్రీ, కొలతకే తలొగ్గాడు.

వద్దన్నా పేరు పెట్టారు

1843లో రిటైరైన ఎవరెస్ట్, తన పేరు స్థానికుల నోరు తిరగదని శిఖరానికి వద్దన్నాడు. అయినా 1865లో అదే ఖాయమైంది. ఇంకో విషయం.. ఆయన ఇంటిపేరును ఈవ్‌రెస్ట్ అని పలకాలి. మనం పలికేది తప్పే! 1866 డిసెంబర్ 1న లండన్‌లో కన్నుమూశాడు.

విశాఖపట్నం బేస్‌లైన్‌ను 1862-63లో కొలిచారు. అదీ ఆయన నేర్పిన పద్ధతే.. ముందు కొలువు, తర్వాత అనుమానించు, మళ్లీ కొలువు.